పెన్సిలుతో రాసిన ధర

సిర్కెజిలో మా దుకాణం వీధిలోకి కనబడదు,
పద్నాలుగు మెట్లు దిగి రావాలి.
ధరల చీటీలు నేనే రాస్తాను, పెన్సిలుతో.
సిరా ముట్టుకుంటే తుర్గుత్ ఉస్తా ఊరుకోడు.
"ఇనుముకి తుప్పు, కెమెరాకి ప్రకటన,
ఎప్పుడు పడుతుందో ఎవడికెరుక" అంటాడు.

నిన్న అర్ధరాత్రి పడింది.
ఎక్కడో ఒక వేదిక మీద నల్ల చొక్కా మనిషి
కొత్తదాన్ని పురిటిబిడ్డలా ఎత్తి చూపించాడు.
చీకట్లో కూడా కంటిపాపను వెతికి పట్టుకుంటుందట,
సెకనుకి నలభై బొమ్మలట.
ఆ చప్పట్లు మాదాకా రాలేదు.
పొద్దున షట్టరెత్తేసరికి మాత్రం
మెట్ల మీద ముగ్గురు నిలబడి ఉన్నారు,
మూడు సంచుల్లోనూ ఒకటే కెమెరా.
ఒకరి సంచి వంక ఒకరు చూడరు,
వడ్డీవ్యాపారి గుమ్మంలో ఎదురుపడ్డ చుట్టాల్లా.

మూడో మనిషి బెర్రిన్.
బోస్ఫరస్ పడవల మీద పెళ్ళిళ్ళు తీస్తుంది.
గాలి మేలిముసుగు లేపే ఆ ఒక్క క్షణం కోసం
తడి చెక్కల మీద గంటసేపు మోకరిల్లే మనిషి.
ఉస్తా లెక్క తీశాడు:
మూడు లక్షల పన్నెండు వేల సార్లు రెప్ప వేసింది.
పిడి మీది రబ్బరు ఆమె వేళ్ళ మేరకు అరిగి
ఇంకెవరి చేతికీ అంత బాగా కుదరదు.
నిన్నయితే యాభై రెండు వేల లీరాలు.
ఇవాళ ముప్పై తొమ్మిది.

"రాత్రికి రాత్రి ఏమైంది దీనికి?
కింద పడిందా, తడిసిందా?
నిన్న సాయంత్రం మా అక్క కూతురు
దీని ముందే కదా పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది!"
ఉస్తా టీ గ్లాసు ఆమె వైపు జరిపాడు.
చెడ్డ ధర చెప్పిన రోజు
మేం చక్కెర బిళ్ళలు రెండు ఎక్కువ పెడతాం.

ఓడలు బళ్ళవుతాయంటారు.
సందు దాటితే రేవు, అన్నీ ఓడలే,
ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను, ఒక్కటీ బండి కాలేదు.
అయ్యేవన్నీ మా అద్దాల బీరువాలోనే.

అయినా ఆమె అమ్మింది.
కొత్తది ఆమెకీ కావాలి మరి,
పెళ్ళికూతుళ్ళే ఈమధ్య కెమెరా పేరు అడుగుతున్నారట.

చీటీ మీద నలభై ఆరు అని రాస్తుండగా
బారాన్ వచ్చాడు, మోచేతుల దాకా పిండి.
రాత్రంతా రొట్టెల కొలిమి దగ్గర పని.
కొత్త కెమెరా వచ్చిందంటే చాలు పరుగున వస్తాడు,
దాని మొహం చూడడు,
పాతది ఎంత దిగిందో అడుగుతాడు,
ఏరు తీసిన చోట చేపలేరుకునేవాడిలా.
పోయినసారి వాడు వచ్చేలోపు డాలరు మెట్లెక్కింది,
దాని కొంగు పట్టుకుని మా పాత సామానూ ఎక్కింది.
ఈసారి టీ తాగనన్నాడు. డబ్బు లెక్కపెట్టాడు.
నలభై మూడు వేల ఆరు వందలు.
ఉస్తా పైకప్పు వంక చూశాడు.
నేను రబ్బరు తీసుకున్నాను.

టీ ఇంకా పూర్తికాని బెర్రిన్
ఎవరితోనో అన్నట్టు అంది:
"పైన ఎడమ మూల ఆకాశంలో
చిన్న నల్లచుక్క పడుతుంది.
పక్షి అనుకునేవు, దుమ్ము.
ఎంత తుడిచినా పోలేదు నాకు."

"నేను తీసేది పక్షులనే" అన్నాడు వాడు.
"మా వాన్ అవతల సరస్సుకి రాజహంసలొస్తాయి.
ఒకటి ఎక్కువొస్తే ఏం?"

ఆమె మెడపట్టీ విప్పి ఇవ్వబోయి,
ఏమనుకుందో,
అదొక్కటీ సంచిలో వేసుకుని మెట్లెక్కింది.

సాయంత్రం ఫోనులో లీరా సంగతి చూసి
ఉస్తా నిట్టూర్చాడు. "మిగతా రెండూ చెరుపు.
నలభై ఏడు చెయ్యి."
పొద్దుట్నుంచీ అవి ఒక్క బొమ్మా తీయలేదు,
కప్పిన మూత తీయలేదు,
అయినా వాటి విలువ పెరిగింది.

ఆ మూల చీటీ చెరిపి చెరిపి పల్చబడింది.
దీపానికి అడ్డం పెడితే
ధర కనబడదు,
వెనకాల నా వేలు కనబడుతుంది.